మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు పగ్గం: సిస్టిక్ ఫైబ్రోసిస్ చికిత్సలో మరో దారి

సిస్టిక్ ఫైబ్రోసిస్ తల్లి నుంచి, తండ్రి నుంచి చెరొక లోపభూయిష్ట జన్యువు అందినప్పుడు బిడ్డకు వచ్చే వ్యాధి. ఊపిరితిత్తుల్లో కళ్లె జిగురులా చిక్కబడి శ్వాసనాళాలు పూడుకుపోవడం, తరచూ న్యుమోనియా రావడం, ఎంత తిన్నా ఒంటబట్టకపోవడం, చెమట బాగా ఉప్పగా ఉండటం దీని ముఖ్య లక్షణాలు. ప్రపంచం మొత్తంమీద లక్షమందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారు. ఇన్ని బాధలకూ మూలం ఒక్కటే. కణాల ఉపరితలం మీద ఉండాల్సిన సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ లేకపోవడమో, ఉన్నా సరిగా పనిచేయకపోవడమో జరుగుతుంది.

2012 నుంచి వచ్చిన కొత్త మందులు ఈ ప్రొటీన్ ఆకారాన్ని, కదలికను సరిచేస్తున్నాయి. వాటితో వేలమంది జీవితాలు మారిపోయాయి. అయితే ప్రొటీన్ బాగుపడటం ఒక్కటే సరిపోదు. కణం దాన్ని ఎంత మోతాదులో తయారుచేస్తోందన్నది కూడా ముఖ్యమే. ఆ మోతాదును నిర్ణయించేవాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే అతిచిన్న అణువులు ఉన్నాయి. ప్రయోగశాలలో తయారుచేసిన కేంద్రకామ్లాలతో, అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తరహా పోగులతో వాటికి పగ్గం వేయగలిగితే సీఎఫ్‌టీఆర్ ఉత్పత్తి పెరుగుతుందని 15 ఏళ్లుగా సాగుతున్న పరిశోధనలు చూపుతున్నాయి.

తూము మూసుకుపోతే

ఈ వ్యాధిని క్లోమగ్రంథికి సంబంధించిన ప్రత్యేక రుగ్మతగా 1938లో స్పష్టంగా వర్ణించింది న్యూయార్క్ వైద్యురాలు డొరొతీ ఆండర్సన్. చనిపోయిన పిల్లల క్లోమంలో తిత్తులు, నారలాంటి గట్టి కణజాలం కనిపించడంతో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పేరు వచ్చింది. 1948 వేసవిలో న్యూయార్క్‌లో ఎండలు మండిపోయినప్పుడు, వడదెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఈ జబ్బు ఉన్నవారు ఎక్కువగా కనిపించారు. ఆ పరిశీలనను పట్టుకుని వెళ్లిన పాల్ డి సాంట్ ఆగ్నీస్, రోగుల చెమటలో ఉప్పు అసాధారణంగా ఎక్కువగా ఉంటోందని 1953లో ప్రకటించారు. నేటికీ రోగ నిర్ధారణకు మొదటి ఆధారం చెమట పరీక్షే. చెమటలో క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోల్స్, లేదా అంతకు మించి ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్‌గా భావిస్తారు.

చెమట ఉప్పగా ఉండటానికి మూలమైన జన్యువు తెలియడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది లాప్-చీ సూయ్, జాన్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు 7వ క్రోమోజోము మీద ఈ వ్యాధికి కారణమైన జన్యువును గుర్తించాయి. దాని నుంచి తయారయ్యే సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్‌లో 1480 అమైనో ఆమ్లాలు ఉంటాయి. చెరువు గట్టుకు తూము ఎలాంటిదో కణం పొరకు ఇది అలాంటిది. క్లోరైడు, బైకార్బొనేటు అయాన్లు దీని గుండా అటూ ఇటూ పోతాయి. ఉప్పు ఎటు కదిలితే నీరు అటే వెళ్తుంది. శ్వాసనాళాల్లో ఈ తూము తెరుచుకుంటే కణాల పైన పలుచని నీటిపొర ఏర్పడుతుంది. ఆ నీటిలో సూక్ష్మమైన రోమాలు ఊగుతూ దుమ్మును, సూక్ష్మజీవులను కళ్లెతో పాటు పైకి నెట్టేస్తాయి.

తూము మూసుకుపోతే నీటిపొర ఇంకిపోతుంది. కళ్లె గట్టిపడి కదలదు, అందులో బ్యాక్టీరియా స్థిరపడుతుంది. వాటితో పోరాడటానికి వచ్చిన తెల్లరక్తకణాలు అక్కడే నశించి, వాటి డీఎన్‌ఏ కూడా కళ్లెలో కలిసి దాన్ని మరింత చిక్కగా చేస్తుంది. ఇన్‌ఫెక్షన్, వాపు ఒకదాన్నొకటి పెంచుకుంటూ ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. క్లోమంలో నాళాలు పూడుకుపోవడంతో జీర్ణ ఎంజైములు పేగుల్లోకి చేరవు. చెమట గ్రంథుల్లో మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ సీఎఫ్‌టీఆర్ చేయాల్సిన పని, చర్మం పైకి వచ్చే చెమట నుంచి క్లోరైడును వెనక్కి లాక్కోవడం. అది జరగక ఉప్పంతా ఒంటిమీదికి వచ్చేస్తుంది.

ఆకారం సరిచేసే మాత్రలు

సీఎఫ్‌టీఆర్ జన్యువులో ఇప్పటివరకు 2,000కు పైగా మార్పులు నమోదయ్యాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఎఫ్508డెల్. జన్యువులో మూడు అక్షరాలు జారిపోవడం వల్ల 508వ స్థానంలో ఉండాల్సిన ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం లోపిస్తుంది. 1480లో ఆ ఒక్కటి తగ్గడంతోనే ప్రొటీన్ సరిగా ముడుచుకోదు. కణంలోని నాణ్యతా వ్యవస్థ దాన్ని తప్పుడు సరుకుగా గుర్తించి, ఉపరితలానికి చేరకముందే ముక్కలు చేస్తుంది. ఎలాగో తప్పించుకుని పైకి చేరిన కొద్దిపాటి ప్రొటీన్ కూడా సరిగా తెరుచుకోదు, ఎక్కువసేపు నిలవదు.

ఈ లోపాలను సరిచేసే మందులు రెండు రకాలు. ప్రొటీన్ సరిగా ముడుచుకుని పైకి చేరడానికి సాయపడేవి కరెక్టర్లు. చేరిన ప్రొటీన్‌ను తెరిచి ఉంచేవి పొటెన్షియేటర్లు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఐవకాఫ్టర్ రెండో రకానికి చెందిన తొలి మందు. 2019లో ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవకాఫ్టర్ కలిపిన ట్రైకాఫ్టా వచ్చింది. ఎఫ్508డెల్ ఒక్క ప్రతి ఉన్నా ఇది పనిచేస్తుంది. ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూసిన రోగులు కొందరు ఈ మందుతో ఆ అవసరమే లేకుండా కోలుకున్నారు.

అయినా మూడు పరిమితులు మిగిలాయి. మొదటిది, ప్రొటీన్ అసలే తయారుకాని రకం జన్యుమార్పులు ఉన్నవారికి సరిచేయడానికి ఏమీ ఉండదు కాబట్టి ఈ మాత్రలు పనిచేయవు. రెండోది, పనిచేసేవారిలోనూ ఫలితం అందరికీ ఒకే స్థాయిలో ఉండదు. మూడోది ధర. ట్రైకాఫ్టా అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా మందు ప్రకటిత ధర 3 లక్షల డాలర్లు దాటింది.

ఇక్కడే మోతాదు విషయం ముందుకొస్తుంది. జన్యువు ఒక ప్రతి మాత్రమే సరిగా ఉన్న వాహకులు ఆరోగ్యంగానే ఉంటారు. సీఎఫ్‌టీఆర్ కొద్దిగానైనా పనిచేసే రకం మార్పులు ఉన్నవారిలో వ్యాధి తేలికగా ఉంటుంది. అంటే పనిచేసే ప్రొటీన్ పూర్తిస్థాయిలో అక్కర్లేదు, కొంత పెరిగినా రోగికి మేలే. సరిచేసే మాత్ర ఒకవైపు, సరిచేయడానికి కావాల్సిన ముడిసరుకును పెంచే మందు మరోవైపు ఉంటే ఫలితం మెరుగవుతుందన్నది మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరిశోధకుల ఆలోచన.

22 అక్షరాల అదుపు

డీఎన్‌ఏలోని జన్యు సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది. ఆ నకలును చదివి రైబోసోములు ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. కోవిడ్ టీకాల పుణ్యమా అని ఈ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ పేరు ఇప్పుడు చాలామందికి పరిచయమే. అయితే నకలు తయారైనంత మాత్రాన ప్రొటీన్ తయారవుతుందనే హామీ లేదు. మధ్యలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అడ్డుపడవచ్చు.

1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగుపై చేసిన వేర్వేరు పరిశోధనల్లో ఈ సంగతి బయటపడింది. ఆ పురుగు ఎదుగుదలను నియంత్రించే లిన్-4 అనే జన్యువు ఏ ప్రొటీన్‌నూ తయారుచేయడం లేదని ఆంబ్రోస్ బృందం గుర్తించింది. అది తయారుచేస్తున్నది సుమారు 22 న్యూక్లియోటైడ్ల, అంటే 22 జన్యు అక్షరాల పొడవున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క మాత్రమే. ఆ ముక్క లిన్-14 అనే మరో జన్యువు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని దాన్ని అణచివేస్తోందని రెండు బృందాలూ తేల్చాయి. అది ఆ పురుగుకే పరిమితమైన వింత అని చాలామంది అనుకున్నారు. 2000లో రవ్‌కన్ బృందం గుర్తించిన లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మనుషులతో సహా ఎన్నో జీవుల్లో ఉందని తేలడంతో ఆ అభిప్రాయం మారింది. ఈ ఆవిష్కరణకు 2024లో ఇద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట కేంద్రకంలో పొడవైన పోగుగా తయారై, తనమీద తాను మడతపడి తలపిన్నులా ఉంటుంది. డ్రోషా అనే ఎంజైము దాని కొసలు కత్తిరిస్తుంది. అది కేంద్రకం బయటికి వచ్చాక డైసర్ అనే మరో ఎంజైము తలను తెంచుతుంది. మిగిలిన చిన్న పోగు ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌లో ఒదిగి, తనకు సరిపడే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతుకుతుంది. ఆర్‌ఎన్‌ఏ భాషలో ఎ, యు, జి, సి అనే నాలుగు అక్షరాలుంటాయి. ఎకు యు జత, జికి సి జత. మైక్రో ఆర్‌ఎన్‌ఏలో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా ఉన్న భాగాన్ని విత్తన భాగం అంటారు. ఈ ఏడు అక్షరాలకు జత కుదిరే చోటు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోకలో దొరికితే చాలు, అది అక్కడ అతుక్కుంటుంది. దాంతో ఆ నకలు నుంచి ప్రొటీన్ తయారీ మందగిస్తుంది, లేదా నకలే శిథిలమైపోతుంది.

జత కుదరాల్సింది ఏడెనిమిది అక్షరాలే కనుక ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏకు వందలాది జన్యువులు లక్ష్యాలవుతాయి. అలాగే ఒక్కో జన్యువు మీద ఎన్నో మైక్రో ఆర్‌ఎన్‌ఏల అదుపు ఉంటుంది. ఈ అల్లిక శరీరానికి మేలు చేసేదే. చికిత్స కోసం దాన్ని తాకేవారికి మాత్రం ఇదే పెద్ద చిక్కు.

రోగి శ్వాసనాళంలో జరిగేది

సీఎఫ్‌టీఆర్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోకలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అతుక్కునే చోట్లు చాలా ఉన్నాయి. అలా అతుక్కునే మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో మిర్-145, మిర్-494, మిర్-101 నిజంగానే సీఎఫ్‌టీఆర్‌ను తగ్గిస్తాయని 2011లో అమెరికాలో, ఇటలీలో జరిగిన అధ్యయనాలు చూపాయి. డబ్లిన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పరిశోధకులు మరో అడుగు ముందుకేశారు. ఎఫ్508డెల్ ఉన్న రోగుల శ్వాసనాళాల నుంచి బ్రష్‌తో సేకరించిన కణాలను పరీక్షించి, వాటిలో మిర్-145, మిర్-223, మిర్-494 ఎక్కువగా ఉన్నాయని 2013లో ప్రచురించారు. అసలే లోపమున్న ప్రొటీన్, దాని తయారీ మీద అదనపు అణచివేత. రోగికి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతున్నాయన్నమాట.

ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పెరగడానికి దీర్ఘకాల వాపు ఒక కారణం. వాపు ఉన్న ఊపిరితిత్తుల్లో టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్ పెరుగుతుంది. అది మిర్-145ను పెంచుతుంది. మిర్-145 సీఎఫ్‌టీఆర్‌ను అణచివేస్తుంది. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయ బృందం 2018లో ప్రచురించిన పరిశోధన ఈ గొలుసును చికిత్సతో ముడిపెట్టింది. టీజీఎఫ్-బీటా ఉన్నప్పుడు కరెక్టర్ మందుల ప్రభావం తగ్గిపోయింది. మిర్-145ను అడ్డుకోగానే ఆ ప్రభావం తిరిగి వచ్చింది. ఒకే మాత్ర ఒక రోగికి బాగా, మరొకరికి అంతంతమాత్రంగా పనిచేయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి కావచ్చు.

అన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ సీఎఫ్‌టీఆర్‌కు శత్రువులు కావు. మిర్-138 అనేది సీఎఫ్‌టీఆర్ జన్యువును మూసి ఉంచే సిన్3ఎ అనే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది. అంటే పరోక్షంగా సీఎఫ్‌టీఆర్‌కు తోడ్పడుతుంది. దీని నకలును కణాల్లోకి పంపితే సీఎఫ్‌టీఆర్ ఉత్పత్తి పెరిగిందని, ఎఫ్508డెల్ ప్రొటీన్ కూడా మెరుగ్గా పైకి చేరిందని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో చూపారు.

అక్షరాలకు అక్షరాలతోనే అడ్డు

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అక్షరాల క్రమం తెలిస్తే, దానికి సరిగ్గా జత కుదిరే క్రమాన్ని తయారుచేయడం కష్టం కాదు. ఆ కృత్రిమ పోగు మైక్రో ఆర్‌ఎన్‌ఏకు గట్టిగా అతుక్కుంటే, అది ఇక మరెక్కడా అతుక్కోలేదు. కేంద్రకామ్ల ముక్కతో జన్యు సందేశాన్ని ఆపవచ్చన్న ఆలోచన 1978లోనే హార్వర్డ్‌లో పాల్ జామెక్నిక్, మేరీ స్టీఫెన్సన్ ప్రయోగంతో మొదలైంది. వారు 13 అక్షరాల డీఎన్‌ఏ ముక్కతో ఒక వైరస్ పెరుగుదలను అడ్డుకున్నారు.

మామూలు డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు శరీరంలో ఎంతోసేపు నిలవవు. రక్తంలోనూ కణాల్లోనూ ఉండే ఎంజైములు వాటిని త్వరగా తెగ్గొట్టేస్తాయి. అందుకే రసాయన శాస్త్రవేత్తలు అక్షరాలను అలాగే ఉంచి, వాటిని మోసే వెన్నెముకను మార్చారు. పాత పద్ధతి ఫాస్ఫేటులోని ఒక ఆక్సిజన్ బదులు గంధకాన్ని పెట్టడం. మరో పద్ధతి చక్కెర భాగానికి మిథైల్ గుంపును జోడించడం. ఎల్‌ఎన్‌ఏ అనే మూడో రకంలో చక్కెర ఉంగరాన్ని చిన్న వంతెనతో బిగిస్తారు. అది వంగకుండా నిలబడటంతో లక్ష్యానికి మరింత గట్టిగా అతుక్కుంటుంది.

నాలుగోది పీఎన్‌ఏ, అంటే పెప్టైడ్ న్యూక్లియిక్ యాసిడ్. 1991లో కోపెన్‌హాగన్‌లో పీటర్ నీల్సన్, మైకేల్ ఎగోమ్, రోల్ఫ్ బెర్గ్, ఓలె బుఖార్ట్ దీన్ని రూపొందించారు. ఇందులో చక్కెర లేదు, ఫాస్ఫేటు లేదు. ప్రొటీన్లను పోలిన గొలుసు మీద జన్యు అక్షరాలను అమర్చారు. డీఎన్‌ఏకు, ఆర్‌ఎన్‌ఏకు రుణావేశం ఉండటంతో రెండు పోగులు ఒకదాన్నొకటి కొంత వికర్షించుకుంటాయి. పీఎన్‌ఏకు ఆవేశమే లేదు కాబట్టి ఆ వికర్షణ ఉండదు, పట్టు బిగుతుగా ఉంటుంది. కేంద్రకామ్లాలను తెంచే ఎంజైములు దీన్ని గుర్తించలేవు, ప్రొటీన్లను తెంచేవీ గుర్తించలేవు. కానీ ఇది తనంతట తాను కణంలోకి సులువుగా దూరలేదు. అందుకని ఎనిమిది ఆర్జినిన్ అమైనో ఆమ్లాల తోకను తగిలిస్తారు. ధనావేశం ఉన్న ఆ తోక కణపొరను దాటడానికి సాయపడుతుంది.

ఇటలీలోని ఫెరారా విశ్వవిద్యాలయంలో రాబర్టో గంబారి బృందం సరిగ్గా ఇలాంటి పీఎన్‌ఏనే మిర్-145 మీద ప్రయోగించింది. కాలు-3 అనే ఊపిరితిత్తుల కణాల్లోకి దాన్ని పంపితే మిర్-145 తగ్గింది, సీఎఫ్‌టీఆర్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ రెండూ పెరిగాయి. 2017లో వెలువడిన ఈ ఫలితం తరువాత అదే బృందం మిర్-101 మీద పీఎన్‌ఏతో ఇలాంటి ఫలితాన్నే సాధించింది. ఇవన్నీ ప్రయోగశాల పాత్రల్లో పెంచిన కణాల మీద జరిగిన ప్రయోగాలు. ఆలోచన పనిచేస్తుందని అవి రుజువు చేశాయి. రోగి ఊపిరితిత్తుల్లో పనిచేస్తుందని రుజువు కావాలంటే ఇంకా చాలా మెట్లు ఎక్కాలి.

అణువును పట్టాలా, చోటును కాపాడాలా?

మిర్-145 వందల జన్యువులను అదుపు చేస్తుంది. వాటిలో కణాల ఎదుగుదలకు, క్యాన్సర్‌ను అణచడానికి సంబంధించినవీ ఉన్నాయి. సీఎఫ్‌టీఆర్ కోసం దాన్ని మొత్తంగా కట్టేస్తే మిగతా వాటి అదుపూ తప్పుతుంది. ఈ ప్రమాదాన్ని తప్పించడానికి పుట్టిందే చోటును కాపాడే పద్ధతి.

ఇందులో కృత్రిమ పోగు మైక్రో ఆర్‌ఎన్‌ఏను తాకదు. సీఎఫ్‌టీఆర్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మీద మైక్రో ఆర్‌ఎన్‌ఏ వాలే చోటును ముందే ఆక్రమించి కూర్చుంటుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ వచ్చి చూస్తే అక్కడ ఖాళీ ఉండదు. అది తన మిగతా పనులు యథావిధిగా చేసుకుంటుంది. పైగా రక్షక పోగును విత్తన భాగపు ఏడు అక్షరాలకే పరిమితం చేయకుండా, ఆ చోటుకు ఇరుపక్కలా సీఎఫ్‌టీఆర్‌కు మాత్రమే ఉన్న అక్షరాల దాకా పొడిగిస్తారు. దాంతో అది వేరే జన్యువుల మీద పొరపాటున వాలే అవకాశం బాగా తగ్గుతుంది.

ఫ్రాన్స్‌లోని మోంట్‌పెల్లియర్, ఇటలీలోని నేపుల్స్, ఐర్లండ్‌లోని డబ్లిన్ పరిశోధకులు ఈ దారిలో పనిచేశారు. డబ్లిన్‌లో కేథరిన్ గ్రీన్ బృందం మిర్-145, మిర్-223 వాలే చోట్లకు రక్షక పోగులను తయారుచేసి, శరీరంలో కరిగిపోయే పీఎల్‌జీఏ పాలిమర్ నానోకణాల్లో నింపి రోగకారక జన్యుమార్పు ఉన్న శ్వాసనాళ కణాలకు అందించింది. సీఎఫ్‌టీఆర్ పనితీరు మెరుగుపడిందని 2020లో ప్రకటించింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏల విస్తృతమైన అల్లికను చెదరగొట్టకుండా, కావాల్సిన ఒక్క ముడినే విప్పే ఈ పద్ధతి ఈ రంగంలో అన్నిటికంటే వివేకవంతమైనది.

పక్క తూము తెరవడం

సీఎఫ్‌టీఆర్ అసలే తయారుకాని రోగుల సంగతేమిటి? వారి కోసం పారిస్‌లో ఒలివియర్ తబారీ బృందం వేరే మార్గం చూసింది. శ్వాసనాళ కణాల్లో క్లోరైడును పంపే మరో ప్రొటీన్ ఉంది. దాని పేరు ఏఎన్‌ఓ1. కాల్షియం సంకేతంతో తెరుచుకునే ఈ తూము సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల్లో తక్కువగా ఉంటుంది. దాన్ని అణిచి ఉంచుతున్నది మిర్-9 అని ఈ బృందం గుర్తించింది.

ఏఎన్‌ఓ1 మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మీద మిర్-9 వాలే చోటును కృత్రిమ పోగుతో కప్పేశారు. రోగుల కణాల్లో క్లోరైడు ప్రవాహం పెరిగింది. గాయపడిన కణపొర త్వరగా పూడుకుంది. వ్యాధి ఉన్న ఎలుకల్లో కళ్లెను పైకి నెట్టే కదలిక మెరుగుపడింది. 2017లో ప్రచురితమైన ఈ పరిశోధన ప్రాముఖ్యం ఏమిటంటే, రోగికి ఏ జన్యుమార్పు ఉందన్న దానితో ఈ పద్ధతికి సంబంధం లేదు. ప్రధాన తూము బాగుపడే వీలే లేనప్పుడు పక్క తూము నుంచి నీరు పారించడం రైతుకు తెలిసిన ఉపాయమే.

కళ్లెను దాటి కణంలోకి

ఈ మందులు చేరాల్సింది ఊపిరితిత్తులకు. పీల్చే ఆవిరిగా ఇస్తే నేరుగా అక్కడికే వెళ్తాయి, మిగతా శరీరం మీద ప్రభావం తక్కువగా ఉంటుంది. కానీ దారిలో మొదటి అడ్డంకి వ్యాధి సృష్టించిన కళ్లే. అది చిక్కగా ఉండటమే కాదు, చనిపోయిన కణాల డీఎన్‌ఏతో నిండి ఉంటుంది. ధనావేశం ఉన్న నానోకణాలు ఆ డీఎన్‌ఏకు అతుక్కుని అక్కడే ఆగిపోతాయి. అందుకే నానోకణాల పైన కళ్లెకు అంటుకోని పూత వేయడం, డీఎన్‌ఏను కరిగించే డోర్నేజ్ ఆల్ఫా వంటి మందుతో ముందుగా కళ్లెను పలుచబరచడం వంటి ఉపాయాల మీద పని జరుగుతోంది.

రెండో అడ్డంకి కణం లోపలే ఉంది. కణం బయటి నుంచి వచ్చినదాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. మందులో ఎక్కువ భాగం ఆ సంచిలోనే చిక్కుకుని చివరికి నాశనమవుతుంది. బయటపడిన కొద్ది భాగమే పనిచేస్తుంది. మూడోది కాలం. శ్వాసనాళ కణాలు పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి కాబట్టి మందును మళ్లీమళ్లీ ఇవ్వాలి. ఏళ్ల తరబడి ఇచ్చే మందు ఊపిరితిత్తుల్లో వాపు తేకూడదు. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టకూడదు.

నాలుగోది ఈ పద్ధతికి సహజంగా ఉన్న హద్దు. ఎఫ్508డెల్ రోగిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏను అడ్డుకుంటే పెరిగేది లోపమున్న ప్రొటీనే. కణం దాన్నీ ముక్కలు చేస్తుంది. కాబట్టి కరెక్టర్, పొటెన్షియేటర్ మాత్రలతో కలిపి ఇస్తేనే పూర్తి ప్రయోజనం ఉంటుంది. ఇది మాత్రలకు పోటీ కాదు, తోడు.

ఇతర జబ్బులు నేర్పిన పాఠం

మైక్రో ఆర్‌ఎన్‌ఏను లక్ష్యంగా చేసుకున్న మందు మనుషుల్లో పనిచేయగలదని తొలిసారి చూపింది హెపటైటిస్ సి. ఆ వైరస్ కాలేయంలోని మిర్-122ను ఆసరా చేసుకుని పెరుగుతుంది. మిర్-122ను పట్టేసే ఎల్‌ఎన్‌ఏ మందు మిరావిర్‌సెన్‌ను 36 మంది రోగుల మీద పరీక్షించారు. మోతాదు పెరిగేకొద్దీ వైరస్ తగ్గిందని 2013లో ఫలితాలు వచ్చాయి. ఆ జబ్బుకు అంతలోనే సమర్థమైన మాత్రలు రావడంతో ఈ మందు మార్కెట్‌కు చేరలేదు.

ఎదురుదెబ్బలూ ఉన్నాయి. మిర్-34 నకలుతో క్యాన్సర్‌కు తయారుచేసిన ఎంఆర్‌ఎక్స్34 పరీక్షలను, రోగుల్లో తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యలు రావడంతో 2016లో నిలిపివేశారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు ఏదీ ఇప్పటివరకు అనుమతి పొందలేదు. అదే సమయంలో దగ్గరి బంధువులైన ఇతర కేంద్రకామ్ల మందులు ఆసుపత్రులకు చేరాయి. వెన్నెముక కండర క్షీణత ఉన్న పిల్లలకు ఇచ్చే న్యూసినర్‌సెన్ 2016లో అనుమతి పొందింది. అక్షరాల క్రమాన్నే మందుగా మార్చడం సాధ్యమేనని, చేరవేసే దారి దొరికిన అవయవాల్లో అది నిలబడుతుందని దీనితో తేలింది. ఊపిరితిత్తులకు ఆ దారి ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు.

మన పిల్లల మాట

భారతీయుల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉండదని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం తప్పని తేలింది. ఇక్కడి రోగుల్లో ఎఫ్508డెల్ వాటా ఐరోపాలో కంటే తక్కువ, ఇతర జన్యుమార్పుల వాటా ఎక్కువ. అంటే ఎఫ్508డెల్ కోసం తయారైన మాత్రలు మన రోగుల్లో చాలామందికి అందుబాటులోకి వచ్చినా సరిపోకపోవచ్చు. జన్యుమార్పు ఏదైనా పనిచేయగల చికిత్సల అవసరం మనకు మరింత ఎక్కువ.

తెలుగు నేలకు ఈ వ్యాధితో మరో రెండు ముడులున్నాయి. మొదటిది మేనరికాలు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకే కుటుంబంలో తరతరాలుగా వచ్చే లోపభూయిష్ట జన్యువు మేనమామ, మేనబావ సంబంధాల్లో ఇరువైపుల నుంచీ బిడ్డను చేరే అవకాశం పెరుగుతుంది. రెండోది ఎండ. చెమటలో ఉప్పు పోయే పిల్లలకు మన వేసవి ప్రమాదకరం. ఉప్పు, నీళ్లు తగినంత అందకపోతే త్వరగా నీరసించి పడిపోతారు.

మన దగ్గర పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి పరీక్ష చేసే ఏర్పాటు లేదు. తరచూ వచ్చే దగ్గును ఆస్తమా అనో క్షయ అనో, ఎదగకపోవడాన్ని పోషకాహార లోపమనో అనుకుని ఏళ్లు గడిచిపోతాయి. చెమట పరీక్ష కష్టమైనది కాదు. చేతిమీద మందు రాసి, కొద్దిపాటి విద్యుత్తు పంపి, వచ్చిన చెమటను సేకరిస్తారు. సూదిపోటు ఉండదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు పగ్గం వేసే మందు రేపు సిద్ధమైనా, అది జబ్బు ఉందని తెలిసిన బిడ్డకే అందుతుంది. కాబట్టి మాటిమాటికీ ఛాతీ ఇన్‌ఫెక్షన్లు వచ్చే, ఎంత తిన్నా బరువు పెరగని, జిడ్డుగా ఉండే మలం పోయే, ముద్దాడితే ఉప్పగా తగిలే బిడ్డ ఇంట్లో ఉంటే ఆలస్యం చేయవద్దు. పిల్లల వైద్యుణ్ణి కలిసి చెమట పరీక్ష చేయమని అడగండి.